ఉప్పల్ బాటయందలి విజ్ఞానశాలలు - నల్లగొండ నీటి చరిత్ర

హైదరాబాదు నగరమునకు తూర్పున, ఉస్మానియా విశ్వవిద్యాలయపు గుట్టలను దాటి తార్నాకను చేరిన బాటసారి, అచ్చటినుండి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపునకు సాగినచో, కొలది దూరములోనే నాలుగు జాతీయ పరిశోధనాలయముల ప్రహరీలు ఆ పరిసరములలో కానవచ్చును. ఆహారమును పరిశీలించు శాల ఒకటి, రసాయనములను పరిశీలించునది ఒకటి, జీవకణమును పరిశీలించునది ఒకటి, భూగర్భమును పరిశీలించునది మరియొకటి. బాటకు ఉత్తరమున కర్మాగారముల పేటయైన నాచారము కలదు. 1996లో ఏర్పడిన డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రము పెక్కేండ్లు ఆ నాచారముననే పనిచేసి, తుదకు ఉప్పల్‌లోని సొంత ప్రాంగణమునకు తరలినది.

ఈ శాలల చరిత్రను వ్రాయువారు సాధారణముగా ఒక్కొక్క దానిని వేరుపరచి, స్థాపనకాలము, సంచాలకుల వరుస, భవనముల విస్తీర్ణము అను క్రమమున వ్రాయుచుందురు. అది రాజవంశావళిని వ్రాయు పద్ధతి. దానివలన ఎవరి తరువాత ఎవరు వచ్చిరో తెలియును గాని, వారి పని ఎవరికి ఏమైనదో తెలియదు. కావున మేము ఈ వ్యాసమున వేరొక మార్గమును అనుసరింపదలచితిమి. ఒక్క సమస్యను చేతబట్టి, అది ఏ శాల గడప ఎప్పుడు తొక్కినదో, అచ్చట దానికి ఏ పేరు పెట్టిరో చూచుట మా ఉద్దేశము. ఆ సమస్య పూర్వపు నల్లగొండ జిల్లాలోని త్రాగునీరు. రాతిని చదువువారికి అది భూరసాయన విషయము. వైద్యులకు అది ఎముకల రోగము. స్ఫటికములను చదువువారికి అది అణువుల అమరిక. మూడును ఒక్కటే విషయమని విడివిడిగా అందరకును తెలియును. కలిపి చూచుటకు మాత్రము చాలకాలము పట్టెను.

మునుగోడు, మర్రిగూడ, నారాయణపురము ప్రాంతములనుండి మా తరగతులకు వచ్చిన విద్యార్థులలో కొందరు నవ్వునపుడు అరచేతితో నోరు కప్పుకొనుట మేము పలుమార్లు చూచియున్నాము. వారి పండ్లపై గోధుమవన్నె చారలుండును. పల్లెలలో వీనిని గారపండ్లందురు. గార యను మాటకు తెలుగున రెండర్థములు కలవు: గోడకు పూయు సున్నపు పూత యొకటి, పండ్లకు పట్టు మరక యొకటి. కాని ఈ గార తోమినచో పోవునది కాదు. పన్ను చిగురునుండి వెలువడకముందే, దవడలో దానిపై పింగాణి వంటి పొర ఏర్పడుచున్న పసితనముననే, నీటిలోని ఫ్లోరైడు అందు చేరి దానిని చెరచును. వ్యాధి పండ్లతో ఆగినచో కొంత మేలు. ఏండ్ల తరబడి అదే నీరు త్రాగినవారికి నడివయస్సు వచ్చుసరికి వెన్ను బిగియును, మెడ తిరుగదు, కీళ్లు వంగవు. వెన్నెముకలో పెరిగిన ఎముక నరములను నొక్కి కొందరి కాళ్లను చచ్చుపరచును.

ఈ వ్యాధి తెలుగు దేశమున శాస్త్రపత్రములకెక్కిన క్రమము గమనింపదగినది. మొదట కనిపించినది పశువులయందు. 1934లో హైదరాబాదు రాష్ట్ర పశువైద్య పరిశోధనాధికారి మహాజన్ తన వార్షిక నివేదికయందు దానిని పేర్కొనెను. మనుష్యుల సంగతి మూడేండ్ల తరువాత, నిజాము సరిహద్దునకు ఆవల, మదరాసు రాజధానికి చెందిన నాటి నెల్లూరు జిల్లాలో వెల్లడియయ్యెను. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల రోగులనుగూర్చి షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అను నలుగురు 1937లో ప్రకటించిన వ్యాసము, భారతదేశమున మనుష్యులకు సోకు ఈ వ్యాధినిగూర్చిన తొలి శాస్త్రీయ వివరణముగా ఎన్నబడుచున్నది. 1940లో సి.జి. పండిట్, ఆయన సహచరులును నీటిలోని ఫ్లోరైడుతోపాటు తిండిలేమియు రోగపు తీవ్రతను పెంచునని సూచించిరి. ఈ సూచనను పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన. ముప్పదియేండ్ల తరువాత అది ఉప్పల్ బాటపై మరల ఎదురగును. ఇక నల్లగొండ మనుష్యుల మాట 1955లో గాని వినబడలేదు. ఆ యేట డాక్టరు ఎ.హెచ్. సిద్దీఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌నుగూర్చి వ్రాసిరి. హైదరాబాదు రాష్ట్రమున ఎద్దు రోగము నివేదిక కెక్కిన పిమ్మట, ఆ ఎద్దును తోలిన రైతు రోగము పత్రిక కెక్కుటకు ఇరువదియొక్క సంవత్సరములు పట్టినవి.

అప్పటికి ఉప్పల్ బాటపై శాలలు ఇంకను నిండలేదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయ మున్నది. హైదరాబాదు ప్రభుత్వము 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాల లున్నవి. ఇవి 1956లో దేశీయ శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందికి వచ్చి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థయను నేటి పేరు దాల్చినవి. తక్కిన మూడును తరువాత వచ్చినవే. మన కథకు వానిలో మొదట కావలసినది ఆహారశాల.

జాతీయ పోషకాహార సంస్థ పుట్టినది హైదరాబాదున కాదు. 1918లో నీలగిరులలోని కూనూరునందు, పాస్టరు సంస్థలోని ఒక చిన్న గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిని పరిశీలించుటకు మొదలిడిన పని అది. అన్నము తినువారి రోగముతో పుట్టిన ఆ శాల 1958లో తార్నాకకు వచ్చెను. వచ్చినచోట ఎదురైనది జొన్న. తెలంగాణ మెట్టప్రాంతపు కూలీలు నాడు తినుచున్నవి గటక, జొన్నరొట్టె. ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొలుసులూడి, విరేచనములు పట్టి, మతి చలించు పెలాగ్రా యను వ్యాధి వీరిలో కనబడుచుండెను. మొక్కజొన్నను తిను దేశములలో ఆ వ్యాధి ప్రసిద్ధము; నియాసిన్ అను విటమిను కొరతయే దానికి కారణమని స్థిరపడియుండెను. కాని జొన్నలో నియాసిన్ బియ్యముకంటె తక్కువ లేదు. మరి రోగమేల? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీనికి సమాధానము ప్రతిపాదించిరి. జొన్న మాంసకృత్తులలో లూసిన్ అను ఆమ్లము అధికము. ఆ ఆధిక్యము శరీరము నియాసిన్‌ను తయారుచేసికొను, వాడుకొను పద్ధతిని చెరచును. ఈ వాదముపై తరువాత చర్చలు జరిగినవి. మేము గమనింపవలసినది వేరొకటి. రోగమును ఒక్క పదార్థపు లేమిగా కాక, తిను ధాన్యములోని పదార్థముల పొందికగా చూచు దృష్టి ఈ జొన్నరొట్టె వలన తార్నాకలో బలపడెను.

ఆ దృష్టియే నల్లగొండకు పనికివచ్చెను. 1973లో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు లాన్సెట్‌లోనే ఒక క్రొత్త రూపమును వర్ణించిరి. వెనుక సిద్దీఖీగారు చూచిన పెద్దల ఎముకలు గట్టిపడి బరువెక్కినవి. వీరు చూచినవారు ఎదుగుచున్న పిల్లలు, యువకులు. వీరి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానినొకటి తగులును, పాదములు ఎడమగును. కాళ్ల ఎముకలలో సాంద్రత పెరుగుటకు మారుగా తరుగును. నీరు ఒక్కటే, రోగము రెండు విధములు. కారణమును వెదకినవారు మరల జొన్నకు వచ్చిరి. ఆ ప్రాంతపు జొన్నలో మాలిబ్డినము అను లోహము హెచ్చుగా నుండుటయు, అది దేహమునుండి రాగిని తరిమివేయుటయు, తిండిలో సున్నపుపాలు తక్కువగుటయు 1970 దశకములో ఈ సంస్థవారి పరిశోధనలలో చర్చకు వచ్చినవి. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడెను. జలాశయపు ఊటవలన భూగర్భజలము పైకి వచ్చి, నేలలో క్షారము పెరిగి, పైరు మాలిబ్డినమును ఎక్కువగా గ్రహించుచున్నదా యను ప్రశ్నయు ఆ దశాబ్దముననే పుట్టినది. పండిట్ బృందము 1940లో తిండిలేమి యని పలికిన మాట ఇట్లు ఒక ధాన్యపు పేరు, ఒక లోహపు పేరు సంపాదించుకొన్నది.

ఇక రాతి సంగతి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడెను. భారత భూగర్భ శాస్త్రమునకు ప్రామాణిక గ్రంథమును రచించిన ఎం.ఎస్. కృష్ణన్ దానికి మొదటి సంచాలకులు. ఈ సంస్థ ప్రసిద్ధికెక్కినది భూకంపములవలన. 1967 డిసెంబరు 11 నాటి కోయనా భూకంపమునకును, అచ్చటి జలాశయమునకును గల సంబంధముపై ఇచ్చటివారు చేసిన పని లోకవిదితము. నీటిపై పని అంత ప్రసిద్ధి పొందలేదు. పత్రికలు కంపించు నేలను చూచును గాని, ఊరక కూర్చున్న బావిని చూడవు. ఆ సంస్థ కూర్చున్న బండయు, నల్లగొండ బండయు ఒకే జాతివి: సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు. ఆ సంస్థకే చౌటుప్పల్‌లో ఒక ప్రాంగణము, అందొక అయస్కాంత పరిశీలనశాల కలవు. అనగా ఫ్లోరైడు నేల నడుమనే వారికి ఒక కాపురమున్నది.

నారాయణపురము పరిసరములలోని ఒక చిన్న పరీవాహక ప్రాంతమును ఎంచుకొని డి.వి. రెడ్డి, పి. నాగభూషణం, బి.ఎస్. సుఖీజా మున్నగువారు 2010లో ప్రకటించిన పరిశోధన, మా అభిప్రాయమున, ఈ చరిత్రలో అందరును చదువవలసినది. అచ్చటి నీటిలో లీటరుకు 7.6 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడు కనబడెను. భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రాము. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి. అచ్చటి రాతిలో కిలోకు 240 మొదలు 990 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ కలదు. నల్ల అభ్రకము, ఆంఫిబోలు, అపటైటు, ఫ్లోరైటు అను ఖనిజములు దానికి నిలయములు. కాని రాతిలో నున్నంతమాత్రమున నీటికి రాదు. నీటిలో కాల్షియము సమృద్ధిగా నున్నచో అది ఫ్లోరైడును పట్టి అడుగున పడవేయును. ఈ మెట్టనేలలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరావిరి యగుకొలది కాల్షియము సున్నపు గడ్డలుగా నేలలో పేరుకొనిపోవును. పట్టువాడు లేక ఫ్లోరైడు నీటిలో స్వేచ్ఛగా మిగులును. ఆ సున్నపు గడ్డలలోను కిలోకు 635 మొదలు 950 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ చేరియున్నది. రైతు పొలములో నాగటికి తగులు ఆ తెల్లని గడ్డయే నీటి స్వభావమును మార్చిన సాక్షి యన్నమాట.

నేలలో జరిగిన ఈ కథయే దేహములో తలక్రిందుగా జరుగును. దానిని తెలిసికొనుటకు స్ఫటికశాస్త్రము కావలెను. ఎముకలోని ఖనిజము అపటైటు జాతిదని 1926లో డి యాంగ్ ఎక్స్‌కిరణములతో చూపెను. రాతిలో ఫ్లోరిన్‌కు నిలయమని పైన చెప్పిన అపటైటుకు ఇది జ్ఞాతియే. దీని స్ఫటికములో కాల్షియము, ఫాస్ఫేటు గుంపులు గొట్టమువలె అమరి, ఆ గొట్టము నడుమ హైడ్రాక్సిల్ అయానులు వరుసతీరి యుండును. ఫ్లోరైడు అయాను పరిమాణమున దాదాపు హైడ్రాక్సిల్‌తో సమానము, ఆవేశము సమానము. కావున దాని పీటపై ఇది సులభముగా కూర్చుండును. కూర్చున్న తీరు మాత్రము వేరు. స్ఫటికమున ఒక దర్పణతలము కలదు. హైడ్రాక్సిల్ ఆ తలమునకు ఒక ప్రక్కకు ఒదిగియుండును, ఫ్లోరైడు సరిగా ఆ తలముపైననే నిలుచును. 1964లో కే, యంగ్, పోస్నర్ హైడ్రాక్సిఅపటైటు నిర్మాణమును నిర్ణయించిన పిమ్మట ఈ భేదము స్పష్టమయ్యెను. ఫలితముగా ఫ్లోరైడు చేరిన స్ఫటికము మరింత క్రమబద్ధము, మరింత స్థిరము, ఆమ్లమునకు త్వరగా లొంగనిది. రాయిగా చూచినచో అది మేలైన రాయి. ఎముకకు కావలసినది రాయి గుణము కాదు. దేహము ఎముకను నిత్యము కరగించి మరల కట్టుచుండవలెను. కరగని స్ఫటికము ఆ పనిని అడ్డగించును. కావుననే వ్యాధిగ్రస్తుని ఎముక ఎక్స్‌కిరణ చిత్రమున దట్టముగా తెల్లగా కనబడును, బరువెక్కును, బలమెక్కదు.

ఇట్టి సౌష్ఠవ విద్యకు తెలుగువారు పరాయివారు కారు. 1909లో జన్మించిన సూరి భగవంతము, టి. వెంకటరాయుడుతో కలిసి భౌతిక సమస్యలకు సమూహ సిద్ధాంతమును అన్వయించు ఆంగ్ల గ్రంథమును ఆంధ్ర విశ్వవిద్యాలయము ద్వారా 1948లో ప్రకటించెను. పిమ్మట 1952 మొదలు 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షుడై యుండెను. సిద్దీఖీగారి వ్యాసము వెలువడినది ఆ కాలముననే. దర్పణతలము మొదలగు సౌష్ఠవముల గణితము కాంపసు గుట్టపై నున్నది. వంగని వెన్నెముక ఆసుపత్రిలో నున్నది. నడుమ దూరము ఆరేడు మైళ్లు. ఆ రెండును అప్పుడు కలిసికొనకపోవుటకు ఎవరిని నిందింపవలసిన పని లేదు. శాఖలు శాఖలుగా పంచబడిన విద్యలో ప్రశ్న ఏ శాఖవానికి ముందు తగులునో ఆ శాఖ భాషలోనే మిగిలిపోవును.

నీటిని బాగుచేయు ప్రయత్నములు రెండింటిని మాత్రము ఇచ్చట పేర్కొందుము. నాగపురములోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. నీటిలో సున్నము, పటిక కలుపుదురు. పటికనుండి ఏర్పడు అల్యూమినియము హైడ్రాక్సైడు తుంపులకు ఫ్లోరైడు అంటుకొని అడుగున చేరును; పైనీటిని వంచుకొందురు. చిల్లగింజ అరగదీసి బురదనీరు తేర్చుకొనుట ఎరిగిన ఇల్లాలికి ఇది వింత కాదు. కాని చిల్లగింజకు కొలత తప్పినను ముప్పు లేదు. ఇందు పటిక పాలు ఫ్లోరైడును, క్షారతను బట్టి మారవలెను, మిగిలిన మడ్డిని ఎచ్చటనో పారవేయవలెను. దినదినము దీనిని కొలిచి నడుపువారు లేనిచోట ఈ పద్ధతి నిలువలేదు. జిల్లా పేరు ప్రపంచ గ్రంథములకెక్కినది. జిల్లాకు నీరు రాలేదు. రెండవది చింతపండు. పోషకాహార సంస్థకు చెందిన ఖండారే, జి.ఎస్. రావు, లక్ష్మయ్య 2002లో ప్రకటించిన పరిశోధనలో, బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు 18 దినములు పెట్టగా, మూత్రముద్వారా ఫ్లోరైడు విసర్జనము హెచ్చెను. మన చారునకు ఇంతటి యోగ్యత కలుగుట సంతోషదాయకమే. అయినను పులుసు నీటికి బదులు కాజాలదు.

ఇందొక మాట తెలుగుశాఖవారమైన మాకు బాధ కలిగించుచున్నది. 1906లో హైదరాబాదుననే కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్రవిషయములను తెలుగున ప్రకటింపబూనిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ముందే 1917లో అనువాదశాల ఏర్పడి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. దేశభాషలో శాస్త్రము చెప్పవచ్చునను నమ్మకము ఈ నగరమున పాతది. కాని మేము పైన పేర్కొన్న 1937, 1955, 1960, 1973, 2010 నాటి వ్యాసములలో ప్రతి యొక్కటియు ఆంగ్లమున వ్రాయబడినదే. వైద్యునికి వైద్యుడు చెప్పుకొనుటకు అది తగును. ఎవరి బావిని గూర్చి వ్రాసిరో వారికి ఆ బావి సంగతి ఆ వ్యాసములవలన తెలియలేదు. గార, చౌడు, సున్నపుగడ్డ, గటక - ఈ నాలుగు మాటలలో వ్యాధి కథ అంతయు ఇమిడియున్నది. మర్రిగూడ రైతునకు ఈ నాలుగును తెలియును. వానిని కలుపు సూత్రము మాత్రము లండను పత్రికలలో నుండెను.

కృష్ణానీటిని గొట్టములద్వారా తెచ్చుటయే మందని ప్రజలు ఏండ్ల తరబడి కోరిరి. ఉద్యమములు జరిగినవి. తెలంగాణ ఏర్పడిన పిమ్మట మిషన్ భగీరథ పథకపు స్తంభము 2015లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరింపబడెను. రాష్ట్రమున ఫ్లోరైడు పీడిత ఆవాసములు మిగులలేదని 2020లో కేంద్రప్రభుత్వ లెక్కలు తెలిపినవి. క్రొత్తగా పుట్టినవారి పండ్లకు ఇది గొప్ప మేలు. పాత ఎముకలలో చేరిన ఫ్లోరైడు గొట్టపు నీటితో కడుగబడునది కాదు. ఎముక కరగి మరల కట్టుకొనుకొలది, మిక్కిలి మెల్లగా, ఏండ్ల మీద వెలువడును.

నల్లగొండ మెట్టకు త్రాగుటకును, సాగునకును కృష్ణానీటిని గురుత్వముచేతనే పారించుటకు ఉద్దేశింపబడిన శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము సుమారు 44 కిలోమీటర్ల పొడవు గలది, ఇంకను పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు దాని కప్పు కూలి ఎనిమిదిమంది పనివారు లోపల చిక్కుకొనిరి. బురదలో, రాతిముక్కలలో వారెచ్చటనున్నదియు తెలిసికొనుటకు భూమిలోనికి తరంగములను పంపి చూచు రాడారు యంత్రమును తీసికొని వెళ్లినవారిలో ఉప్పల్ బాటలోని భూభౌతిక సంస్థ శాస్త్రజ్ఞులును ఉండిరి.